బొంతల పండుగ అయ్యాక

ఆగస్టు 9

ఈ డైరీ కొని చాలా కాలమైంది. మొదటి పేజీలో కుట్టుమిషను నూనె మరక తప్ప ఇంకేం లేదు. ఇవాళ్టి నుంచి రాస్తాను. కడుపులో ఏదన్నా ఉంటే వదినతో చెప్పుకోవడం నాకు అలవాటు. ఇప్పుడు చెప్పుకోవలసింది వదిన గురించే కాబట్టి కాగితంతో సరిపెట్టుకోవాలి.

పొద్దున ఫోను వచ్చింది. బొంతల పండుగకి మా బొంతని తీసుకున్నారట. ఏటా ఆ పెద్ద నగరంలో హాళ్ళకి హాళ్ళు బొంతలతో నింపేస్తారు. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి చూసి వెళతారు. మేమిద్దరం ఎన్నేళ్ళుగానో వెళదాం వెళదాం అనుకుంటూనే ఉన్నాం. ఒక ఏడు అన్నయ్య జబ్బు, ఒక ఏడు అన్నయ్య లేకపోవడం, ఆ తర్వాత నా మోకాలు. ఈసారి ఊరికే చూసి రావడం కాదు, మా బొంతనే అక్కడ వేలాడదీస్తారు. ముక్కలు అతికి కుట్టిన పైభాగం ఫోటో చూసి ఒప్పుకున్నారు. దూది పరిచి, అడుగుబట్ట వేసి, మూడింటినీ కలిపి చేత్తో కుట్టి అక్టోబరులో మేమే పట్టుకెళ్ళి ఇవ్వాలి.

వదిన ఫోను పెట్టేసి నన్ను పట్టుకుని వంటింట్లో గిర్రున తిప్పింది. యాభై దాటిన మనిషి. ఇద్దరికీ ఆయాసం వచ్చి స్టూళ్ళ మీద కూలబడ్డాం.

మధ్యాహ్నం ఆమె గిన్నెలు తోముతోంది, నేను తుడుస్తున్నాను. నా వైపు చూడకుండా అడిగింది.

"సూదమ్మా, ఒక మాట. డ్రైవరు గారు నన్ను పెళ్ళి చేసుకుంటానని అడిగారు."

సూదమ్మ అన్నయ్య పెట్టిన పేరు. నా నోట్లోంచి వచ్చే ప్రతి మాటా గుచ్చుకుంటుందని.

"నాకు ఇష్టమే," అంది వదిన. "కానీ నీకు ఇష్టం లేకపోతే వద్దని చెప్పేస్తాను. నిన్ను బాధపెట్టి నేనేం సుఖపడతాను? నువ్వు ఏదంటే అదే."

తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడిచాను. "పండుగ నుంచి వచ్చాక చెప్తాను."

"అప్పటిదాకా ఎందుకే?"

"ఇప్పుడు బొంత పనుంది కదా."

అదీ నేనిచ్చిన జవాబు. బొంత పనుంది.

ఆగస్టు 11

కాళ్ళు పీకుతున్నాయి. రాయబుద్ధి కావడం లేదు.

ఆగస్టు 16

ఆ డ్రైవరు వచ్చాడు. వదిన బడి ఆఫీసులో పనిచేస్తుంది. రోజూ ఎక్కే బస్సు ఆయన నడిపేవాడట, అలా పరిచయం. ఇప్పుడు దూరప్రాంతాల బస్సు ఇచ్చారు. పొడుగ్గా ఉంటాడు, మా గుమ్మంలో తల వంచి వస్తాడు. మాట తక్కువ. వచ్చినప్పుడల్లా బత్తాయిలు తెస్తాడు, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేత్తోనే పట్టుకుని కూర్చుంటాడు. ఆయనలో వంక పెట్టడానికి ఏమీ దొరకడం లేదు. అదే నాకు ఒళ్ళుమంట.

పండుగ సంగతి వదిన చెప్పింది. ఆయన మొహం వెలిగింది.

"ఆ ఊరికి నా బస్సే వెళుతుందండీ. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి దింపేస్తాను. బొంతకి వెనక సీటు మొత్తం ఉంచుతాను."

"నాకు బస్సు పడదు," అన్నాను.

వదిన నా వైపు చూసింది. "ఎప్పటినుంచి?"

"ఎప్పటినుంచో. కడుపులో దేవుతుంది. రైల్లో వెళదాం."

రైలంటే రెండు చోట్ల దిగి మారాలి. మధ్యలో ఒక స్టేషనులో సగం రోజు కూర్చోవాలి. అదంతా నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. "రైలైనా బాగానే ఉంటుందండీ," అన్నాడు నెమ్మదిగా. బత్తాయిలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

తియ్యగా ఉన్నాయి. ఒకటి తిని మిగతావి వదినకి వదిలేశాను.

ఆగస్టు 20

ఇవాళ షాపులో సెలవు అడిగాను. మా పరదాల షాపు మేనేజరు మెడలో ఎప్పుడూ కొలతటేపు వేలాడుతుంటుంది, నిద్రలో కూడా తీయడేమో. అందుకే అందరం టేపు అంటాం. ఆయనకి వినపడకుండా.

"బొంతలు చూడ్డానికి సెలవా?" అన్నాడు టేపు. "రోజంతా బట్ట కుట్టి కుట్టి విసుగు పుట్టడం లేదా అమ్మా?"

పుడుతోంది. ఈ మధ్య మరీ పుడుతోంది. ఒక ఆఫీసు వాళ్ళకి బూడిదరంగు పరదాలు కుడుతున్నాం, అంతస్తు తర్వాత అంతస్తు, అదే రంగు, అదే మడత. సాయంత్రం ఇంటికొచ్చి కళ్ళు మూసుకున్నా బూడిదరంగే. అయినా మా బొంత అంతా ఇలాంటి షాపు ముక్కలతో కుట్టిందే. పైన కోసి పారేసిన పీలికలు, మచ్చు కోసం వచ్చిన గుడ్డలు. దాని మీద బొమ్మ ఒక పెద్ద మేడ, సాయంకాలం దాని కిటికీలు, కొన్నిటిలో దీపం, కొన్నిటిలో చీకటి. ఆ రంగులు అలా పేర్చింది వదినే. నాకు కొలతలు వచ్చు, ఆమెకి కళ్ళు ఉన్నాయి.

సెలవు ఇచ్చాడు. బట్ట చుట్టి వచ్చే లావాటి అట్టగొట్టం ఒకటి కూడా ఇచ్చాడు, బొంత మడతపెడితే గీతలు పడతాయి, దీనికి చుట్టండి అని. మనిషి మరీ అంత చెడ్డవాడు కాదు.

ఆగస్టు 27

ఈ సాయంత్రం బాగా గడిచింది. బల్ల మీద అంతా పరుచుకుని కూర్చున్నాం. మొదటిరోజు పొద్దున్నే బొంత ఇచ్చేయాలి, వాళ్ళు వేలాడదీసేలోపు పాత బొంతల హాలు చూడాలి. మధ్యాహ్నం దారాల దుకాణాలు. రెండోరోజు మిగతావి. వదిన అన్నీ చూడాలంటుంది, నేను కూర్చోడానికి కుర్చీలు ఎక్కడున్నాయో ముందు కనుక్కోమన్నాను. గది హాళ్ళకి దగ్గర్లో దొరికింది. ఒకే మంచం అన్నారు. సరేనన్నాం, చిన్నదైతే నేను కింద, నువ్వు పైన అంది వదిన. నీకు వెన్నునొప్పి కదా, నేనే కింద అన్నాను. దీని గురించి ఎంతసేపో వాదించుకున్నాం, ఇద్దరం కిందే పడుకుందాం, మంచం మీద బొంతని పడుకోబెడదాం అని తేల్చాం. ఎన్నాళ్ళయిందో అలా నవ్వి.

ఆ మనిషి మాట వదిన ఎత్తనే లేదు. మర్చిపోయి ఉంటుంది. ఈ ప్రయాణం అయ్యేసరికి పూర్తిగా మర్చిపోతుంది. మా ఇద్దరికీ ఏం తక్కువ?

ఆగస్టు 28

మర్చిపోలేదు. ఫోను మాట్లాడుతుంటే వినపడింది. చిన్నపిల్లలా నవ్వుతోంది.

సెప్టెంబరు 5

కుట్టు సాగుతోంది. బొంత చెరో కొసా ఒళ్ళో వేసుకుని ఎదురెదురుగా కూర్చుంటాం. ఆమె అటునుంచి, నేను ఇటునుంచి, వరస వరసగా మధ్యకి జరుగుతూ రావాలి. మా పద్ధతి ఎప్పుడూ ఇదే. పై చెయ్యి సూది దింపుతుంది, కింద చెయ్యి అడుగున కాచుకుని ఉంటుంది. మొన వేలికి తగలగానే పైకి నెట్టాలి. ప్రతి కుట్టుకీ ఆ వేలు అడుగున ఏముందో తడిమి చూస్తుందన్నమాట. కొత్తలో వేలంతా పొక్కిపోయేది, ఇప్పుడు కాయ కాచింది.

ఎవరి కుట్టు ఎక్కడ ఆగి ఎవరిది ఎక్కడ మొదలైందో ఇంతవరకూ ఎవరూ చెప్పలేకపోయారు. అన్నయ్య ఉన్న రోజుల్లో పందెం వేసేవాడు, ప్రతిసారీ ఓడిపోయేవాడు. అన్నయ్య పోయాక ఈ కుట్టే మమ్మల్ని నిలబెట్టింది. ఆ మొదటి ఏడాది మేం పెద్దగా మాట్లాడుకోలేదు. సాయంత్రం కాగానే చెరోవైపు కూర్చునేవాళ్ళం, అంతే. నాకు మొగుడూ పిల్లలూ లేరు, ఎప్పుడూ కావాలనిపించలేదు. వదిన ఉందిగా అనుకునేదాన్ని.

ఆయన ఇల్లు ఊరికి ఆ చివర. డిపో వెనకాల. వదిన అక్కడికి వెళ్ళిపోతే ఈ రెండో కొస ఎవరు పట్టుకుంటారు?

వద్దంటే ఆమె మాట మీద నిలబడుతుంది. నాకు తెలుసు. ఒక్క మాట చాలు. అందుకే అనలేకపోతున్నాను, అవుననీ అనలేకపోతున్నాను. నా ప్రాణం ఉసూరుమంటోంది.

సెప్టెంబరు 8

దారం రెండుసార్లు తెగింది. నాసిరకం దారం.

సెప్టెంబరు 13

ఇవాళ జరిగింది రాయకుండా ఉంటే బాగుండేది.

ఆదివారం కదా, మధ్యాహ్నం భోజనాలు అవగానే కూర్చున్నాం. ఇద్దరం దాదాపు మధ్యకి వచ్చేశాం, మోకాళ్ళు మోకాళ్ళు తగులుతున్నాయి. బొంతంతా మా ఒళ్ళోనే ఉంది. వదిన హుషారుగా ఉంది, మాటిమాటికీ గడియారం చూస్తోంది. ఆయన వస్తానన్నాడని నాతో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు, కొత్త గౌను వేసుకుంది.

బెల్లు మోగింది. వదిన గభాల్న లేచింది. ఆమెతోపాటు బొంతా లేచింది. రెండడుగులు వేసి ఆగిపోయింది, వెనక్కి తిరిగి చూసింది, గౌను లాగి చూసింది. నా కుట్లు బొంతలోంచి దిగి ఆమె గౌనులోకి వెళ్ళాయి. ఒకటీ రెండూ కాదు, జానెడు పొడవు, చక్కగా, వరస తప్పకుండా.

"అయ్యో, చూసుకోలేదు వదినా," అన్నాను.

ఆమె బొంతని చంకన పెట్టుకుని, ఈడ్చుకుంటూ వెళ్ళి తలుపు తీసింది. ఆయన గుమ్మంలో నిలబడి ఆమెనీ చూశాడు, బొంతనీ చూశాడు, దాని రెండో కొస నా ఒళ్ళో ఉండడం కూడా చూశాడు. ఇంకొకరైతే నవ్వేవారు. ఆయన జేబులోంచి చిన్న కత్తి తీసి ఇవ్వబోయాడు.

"వద్దండీ, బట్ట తెగుతుంది," అంది వదిన. గుమ్మం దగ్గరే నేల మీద కూర్చుని సూదిమొనతో ఒక్కొక్క కుట్టూ విప్పుకుంది. ఆయన నిలబడే ఉన్నాడు. నేను కూర్చునే ఉన్నాను. విప్పడం అయ్యాక తన వైపు కొసని కూడా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"కింద చేతికి తెలియలేదా?" అని అడిగింది. గొంతు పెంచలేదు.

బయటికి వెళ్ళి ఆయనతో కాసేపు మాట్లాడి వచ్చింది. లోపలికి వచ్చి కొత్త గౌను మార్చుకుని మళ్ళీ కుట్టుకి కూర్చుంది.

సెప్టెంబరు 14

పొరపాటే. ఎవరికైనా అవుతుంది. షాపులో కొత్తమ్మాయి మొన్న తన చున్నీనే పరదాకి కుట్టేసుకుంది.

సెప్టెంబరు 15

తెలిసింది. కింద చేతికి మొదటి కుట్టులోనే తెలిసింది.

సెప్టెంబరు 21

ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఆయన రావడం మానేశాడు. బత్తాయిలు కూడా లేవు. పనెక్కువై ఉంటుంది, దూరపు బస్సు కదా.

వదిన కుట్టు త్వరత్వరగా కానిస్తోంది. నా వరసలు కూడా కొన్ని తనే వేస్తానంది. వద్దన్నాను. మాట తగ్గించింది. అడిగితే బడిలో పరీక్షల పనులంటుంది. పెద్ద నగరం గురించి, హాళ్ళ గురించి నేనే మాట్లాడుతున్నాను. ఊ కొడుతోంది.

అక్కడికి వెళ్ళాక సర్దుకుంటుంది. కొత్త చోటు, కొత్త మనుషులు, అన్ని బొంతలు. అందరికంటే ముందు తనే పరుగెడుతుంది, చూస్తూ ఉండండి అని ఎవరికి చెబుతున్నానో నాకే తెలియదు.

సెప్టెంబరు 30

రైలు రద్దయింది. పట్టాలు బాగుచేస్తున్నారట, అక్టోబరు నెలంతా లేదట. స్టేషనుకి వెళ్ళి అడిగితే కిటికీలో కూర్చున్నావిడ నన్ను జాలిగా చూసి, "బస్సులో వెళ్ళండి అమ్మా, నేరుగా వెళుతుంది," అంది. నాకు ఆ సంగతి తెలియనట్టు.

ఇంటికొచ్చి వదినకి చెప్పాను. "బస్సులోనే వెళదాం అయితే. నీ కడుపు సంగతి చూసుకో," అంది.

"ఆయన బస్సేనా?"

"కాదు. ఆయన రూటు మార్పించుకున్నారట."

ఎందుకు అని అడగాలి. అడగలేదు. లోపలికి వెళ్ళి అట్టగొట్టం తుడిచాను, దుమ్ము పట్టింది.

అక్టోబరు 7

బొంత అయిపోయింది. అంచు కూడా వేసేశాం. వేలాడదీయడానికి వెనక పైభాగాన కర్ర దూర్చే గుడ్డ వేశాను. పూర్తిగా ఒక్కసారి నిలువుగా పట్టుకుని చూద్దామంటే మా ఇంట్లో అంత గోడ లేదు. మంచం మీద పరిచి చూశాం, బాగానే ఉంది. వదిన చేత్తో నిమిరింది, నా సగం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది, మళ్ళీ నిమిరింది. ఏంటన్నాను. ఏం లేదంది.

గొట్టానికి చుట్టి, పైన పాత దుప్పటి కట్టాం. ఇద్దరం చెరోవైపు పట్టుకుంటే తప్ప మోయలేం.

చెప్పుల గురించి గొడవ. ఆమె కొత్తవి వేసుకుంటానంటుంది, అక్కడ రోజంతా నడవాలి, కాళ్ళు బొబ్బలెక్కుతాయి అన్నాను. "నా కాళ్ళు నావి," అంది. ఇలాంటి మాట ఆమె నోట వినడం అలవాటు లేదు.

అక్టోబరు 14, బస్సు దిగాక

ఒక్క వాంతి కూడా కాలేదు. దారంతా నిద్రపోయాను కూడా. వదిన ఏమీ అనలేదు. ఏదన్నా అంటే బాగుండు.

డ్రైవరు ఎవరో కుర్రాడు. పాటలు గట్టిగా పెట్టాడు.

అక్టోబరు 14, గదిలో

వదిన స్నానం చేస్తోంది. జరిగింది జరిగినట్టు రాసేస్తాను, తర్వాత నాకు అనువుగా మార్చుకుంటానేమో.

పొద్దున్నే బొంత ఇచ్చేశాం. తెల్లటి చేతితొడుగులు వేసుకున్న ఇద్దరమ్మాయిలు పసిపిల్లని అందుకున్నట్టు అందుకున్నారు. మేం పాత బొంతల హాలుకి వెళ్ళాం. ఎంత పెద్ద హాలు! ఆ చివర మనిషి చీమంత కనిపిస్తాడు. ఇంత ఎత్తైన పైకప్పు కింద ఇంతమంది ఆడవాళ్ళు ఇంత నెమ్మదిగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. అందరూ ముక్కు బొంతకి ఆనించేంత దగ్గరికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నారు. ముట్టుకుంటే ఊరుకోరు. వదిన కళ్ళు పెద్దవి చేసుకుని ఒక్కొక్కటీ చూసింది. ఇన్నేళ్ళు అనుకున్నది ఇదే కదా అనుకున్నాను, సంతోషం రావాలని గట్టిగా ప్రయత్నించాను. కాళ్ళనొప్పి వచ్చింది.

పదకొండింటికి మా హాలుకి వెళ్ళాం. దూరం నుంచే కనపడింది. ఎత్తుగా, దీపాల వెలుగులో, మా మేడ, మా కిటికీలు. ఒక్క క్షణం గుండె నిండిపోయింది. తర్వాత ఇంకాస్త దగ్గరికి వెళ్ళాం.

వంకరగా ఉంది.

వదిన సగం తిన్నగా, నీళ్ళు జారినట్టు కిందికి దిగింది. నా సగం ముడుచుకుపోయింది. దారం బిగలాగి బిగలాగి కుట్టాను, బట్టంతా దగ్గరికి పోగయి, కింది అంచు పైకి లేచిపోయింది. నా కిటికీలన్నీ కళ్ళు చిట్లించినట్టున్నాయి. ఒళ్ళో ఉన్నప్పుడు తెలియదు. మంచం మీద బరువుకి సర్దుకుంటుంది. నిలువుగా వేలాడదీస్తే ఎక్కడా దాగదు. ఇద్దరి కుట్టూ ఎక్కడ కలిసిందో చూస్తే తెలిసిపోతోంది, అన్నయ్య ఉంటే ఇప్పుడు పందెం గెలిచేవాడు. ఆగస్టు నుంచి సెప్టెంబరు దాకా నా మనసులో ఏముందో ఊరూపేరూ తెలియని వేలమంది చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నారు.

పక్కన ఒక పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని, "ఎంత బాగా ఆలోచించారమ్మా," అంది మాతో. "ఈ పక్క కిటికీలు తెరుచుకుంటుంటే ఆ పక్కవి మూసుకుంటున్నాయి. ఇది కావాలని ముడతలు పెట్టారు కదూ?"

"అవునండీ," అంది వదిన. "కావాలనే."

ఆవిడ వెళ్ళిపోయాక వదిన నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"పిచ్చిదానా, ఇంత గట్టిగా లాగితే నీకు చేతులు నొప్పెట్టలేదా?" అంది.

నాకు ఏడుపొచ్చింది. అందరి మధ్యలో, ముక్కు చీదుకుంటూ. "నొప్పెట్టాయి," అన్నాను. "వదినా, ఇప్పుడు చెప్పేస్తాను. ఇంటికి వెళ్ళేదాకా ఆగను. చేసుకో. ఆయన్ని చేసుకో."

వదిన బొంత వైపే చూస్తోంది. "ఆయనకి వద్దని చెప్పేశాను."

"ఎప్పుడు?"

"నువ్వు నన్ను బొంతకి కుట్టేసిన రోజునే. గుమ్మం దగ్గర."

"నేనింకా ఏమీ చెప్పలేదుగా. వచ్చాక చెప్తానన్నాను కదా."

"చెప్పావుగా. ఇంకెలా చెబుతారు?"

అక్కడ కూర్చోడానికి కుర్చీలు ఎక్కడున్నాయో నేను ముందే కనుక్కున్నాను. తీసుకెళ్ళి కూర్చోబెట్టాను. చెప్పులు విప్పేసరికి మడమల దగ్గర బొబ్బలెక్కాయి. నేను ముందే చెప్పానన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాను.

అక్టోబరు 15

దారాల దుకాణాలు చూశాం. ఏమీ కొనకుండానే గదికి వచ్చేశాం. కోపంగా కాదు, అలిసిపోయి. ఒకే మంచం. ఇద్దరం పైనే పడుకున్నాం.

అక్టోబరు 18

పొద్దున వదిన ఇంకా లేవకముందే బయల్దేరాను. డిపో ఊరికి ఆ చివర. నడిచే వెళ్ళాను, మోకాలు తిడుతూనే ఉంది. ఆలోచించుకోడానికి అంత దారీ కావాలి నాకు. పెళ్ళి మాటలకి ఆడపిల్ల తరఫున పెద్దవాళ్ళు వెళ్ళాలి కదా, మాకు ఉన్న పెద్ద దిక్కు నేనే అనుకున్నాను. ఆ ఊహ నాకు బాగానే ఉంది. నడుస్తూ నడుస్తూ నన్ను నేను కాస్త మెచ్చుకున్నాను కూడా.

ఆయన బస్సు అద్దం తుడుస్తున్నాడు. నన్ను చూసి కంగారుపడి కిందికి దిగాడు. "ఆవిడకేమైనా అయిందా?"

ఆ ఒక్క మాటకే నేను తెచ్చుకున్న మాటలన్నీ సగమైపోయాయి.

"ఏం కాలేదండీ. మా వదిన వద్దన్నది తన మాట కాదు. నేనన్నాను. ఆవిడ నోటితో అనిపించాను. అది చెప్పడానికే వచ్చాను. మీరు మళ్ళీ అడగండి. ఈసారి నాదేం అభ్యంతరం లేదు."

ఆయన తడిగుడ్డని రెండు చేతులతో పిండాడు. చాలాసేపు పిండాడు. "మీరు ఇంత దూరం వచ్చినందుకు చాలా సంతోషమండీ," అన్నాడు. "కానీ ఆ మాట ఆవిడ చెబితే వింటాను. మీరు వద్దన్నారని ఒకసారి పోయింది. మీరు సరేనన్నారని వస్తే మళ్ళీ పోదని ఏముంది?"

మాట తక్కువ మనిషి అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇంటికొచ్చి వదినకి చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను, ఎందుకు అబద్ధం. కాళ్ళకి మందు రాసుకుంటున్నదల్లా ఒంటికాలి మీద లేచింది. ఇన్నేళ్ళలో ఆమె అరవడం నేను వినలేదు.

"నువ్వు వద్దంటే వద్దు, నువ్వు సరేనంటే సరేనా? నేనేమన్నా మీ షాపులో పరదానా, నువ్వు ఇటు లాగితే మూసుకోడానికీ అటు లాగితే తెరుచుకోడానికీ? నన్ను అడక్కుండా ఎందుకెళ్ళావు?"

నాకూ కోపమొచ్చింది. "మరి నన్నెందుకడిగావు? నువ్వు ఏదంటే అదే అన్నావు. ఆ బరువంతా తెచ్చి నా నెత్తిన పెట్టావు. నేను మంచిదాన్నని ఎవరు చెప్పారు నీకు? నువ్వు లేకుండా నాకు ఈ ఇంట్లో ఉండడం రాదు వదినా. ఒక్క పూట కూడా రాదు. అది తెలిసీ నన్నడిగావు."

అరుపు ఆగిపోయింది. వదిన స్టూలు మీద కూర్చుంది.

"అవును," అంది చివరికి. "అది నా తప్పే. అడగకూడదు. చెప్పాలి."

"ఏం చెప్పాలి?"

"నేను పెళ్ళి చేసుకుంటున్నాను సూదమ్మా. నీకు కష్టంగా ఉంటుంది. నాకూ ఉంటుంది. అయినా చేసుకుంటున్నాను. ఇప్పుడు వెళ్ళి ఆయనతో చెబుతాను. ఒప్పుకుంటారో లేదో తెలియదు."

నేనేమీ అనలేదు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు కదా. బొబ్బల మీద గుడ్డ చుట్టుకుని, నా పాత చెప్పులు వేసుకుని వెళ్ళింది. బస్సులో వెళ్ళమన్నాను. సరేనంది.

అది మధ్యాహ్నం. ఇప్పుడు వీధి దీపాలు వెలిగాయి. వంట చేశాను, ఇద్దరికీ సరిపడా చేశాను, చేతికి ఇంకో కొలత రాదు. ఆకలిగా లేదు. భయంగా ఉంది. ఈ ఇల్లు ఇంత పెద్దదని నాకు ఇంతవరకూ తెలియదు.

వదిన ఇంకా రాలేదు. ఆయన కాదంటే ఈపాటికి వచ్చేసి ఉండేది. ఎంత ఆలస్యమైతే అంత మంచిది.